టీవీ కారు రెప్లికా, అసలు మజిల్ కారు: రీసేల్ విలువ కట్టడం ఎలా?

అమెరికాలో స్థిరపడ్డ మనవాళ్లలో పాత కార్ల పిచ్చి ఉన్నవాళ్లు తక్కువేం కాదు. గ్యారేజీలో ఇంకో కారుకి చోటు దొరికితే చాలు, 1960ల నాటి మజిల్ కారు, అంటే పెద్ద బలమైన ఇంజిన్ ఉన్న డాడ్జో పాంటియాకో, వెతకడం మొదలుపెడతారు. వెతుకులాటలో ఎప్పుడో ఒకప్పుడు ఈ ప్రశ్న ఎదురవుతుంది. నారింజ రంగు డాడ్జ్ చార్జర్ ఒకటి కనిపిస్తుంది. తలుపుల మీద 01 అంకె, అచ్చం టీవీలో ఎగిరిన కారే. ఇంకోచోట అదే సంవత్సరం చార్జర్, ఏ అలంకారమూ లేదు, కానీ ధర చాలా ఎక్కువ. రేపు అమ్మాల్సి వస్తే దేని డబ్బు వెనక్కి వస్తుంది?

నేను దీన్ని పగటివేషం లెక్కలా చూస్తాను. వేషానికి ఎంత, వేషం విప్పితే లోపల ఉన్నదానికి ఎంత అని రెండు లెక్కలు విడివిడిగా కట్టాలి. రెండూ చేతిలోకి వచ్చాకే బేరానికి కూర్చోవాలి. కొనేటప్పుడైనా అమ్మేటప్పుడైనా ఇదే వరస.

ఉదాహరణకి ఎక్కువగా జనరల్ లీనే తీసుకుంటాను. ‘ద డ్యూక్స్ ఆఫ్ హజార్డ్’ సీరియల్ (1979–85)లోని నారింజ రంగు 01 కారు అది. దాని కింద ఉన్నది 1969 డాడ్జ్ చార్జర్ కాబట్టి, అసలు మజిల్ కారుతో నేరుగా పోల్చి చూడటానికి ఇంతకంటే మంచి కారు లేదు.

1. ముందు అది ఏ రకం కారో తేల్చుకోండి

అమ్మేవాళ్లు పదాలను ఇష్టమొచ్చినట్టు వాడతారు. మీరు మాత్రం ఈ నాలుగింట్లో ఏదో ఒకదాంట్లో పెట్టండి.

- అసలు కారు: ఫ్యాక్టరీలో ఏ మోడల్‌గా, ఏ ఇంజిన్‌తో పుట్టిందో ఇప్పటికీ అదే.
- క్లోన్: మామూలు చార్జర్‌గా పుట్టి, తర్వాత ఖరీదైన ఆర్/టీ మోడల్ లాగా మార్చింది. మర్యాదగా ‘ట్రిబ్యూట్’ అంటారు.
- టీవీ రెప్లికా: సీరియల్లో కారు లాగా రంగు, బొమ్మలు, సామాను వేసింది.
- తెర మీద కనిపించిన కారు: షూటింగ్‌లో నిజంగా వాడింది, దానికి కాగితాలు ఉన్నది. కాగితాలు లేకపోతే అది రెప్లికా కిందే లెక్క, అమ్మేవాడు ఎన్ని కథలు చెప్పినా సరే.

ఒకే కారు రెండు గదుల్లో పడొచ్చు. నిజమైన ఆర్/టీకి జనరల్ లీ వేషం వేసినవాళ్లున్నారు. ఆ తప్పు సంగతి 5లో చూద్దాం.

వీటికి తోడు ఒక వింత రకం కూడా ఉంది. ‘స్టార్స్కీ అండ్ హచ్’ సీరియల్లోని ఎర్ర గ్రాన్ టొరినోకి వచ్చిన పేరు చూసి ఫోర్డ్ కంపెనీయే 1976లో దాదాపు వెయ్యి కార్లకు ఆ తెల్ల చార వేసి అమ్మింది. ఫ్యాక్టరీ నుంచే అలా వచ్చింది కాబట్టి దాన్ని అసలు కారు లాగే చూడాలి. ఇంట్లో చార వేసుకున్న టొరినో మాత్రం రెప్లికానే. పది అడుగుల దూరం నుంచి చూస్తే తేడా తెలియదు.

2. చూడటానికి వెళ్లేముందు సిద్ధం చేసుకోవాల్సినవి

అమ్మేవాడి షెడ్డులోకి వట్టి చేతులతో వెళితే అతను చెప్పిందే వినాల్సి వస్తుంది. ఇవి తీసుకెళ్లండి:

☐ బట్టలో చుట్టిన చిన్న అయస్కాంతం (పుట్టీ ఎక్కడ ఉందో పట్టేస్తుంది, పెయింటు గీసుకోదు)
☐ పెయింట్ మందం కొలిచే మీటర్
☐ టార్చ్, పిడి ఉన్న అద్దం
☐ కింద పడుకోవడానికి పాత దుప్పటి
☐ ఆ మోడల్ వాహన నంబరు కోడ్‌ల పట్టిక, ప్రింట్ తీసి
☐ ఫోన్‌లో ఖాళీ జాగా, కనీసం వంద ఫొటోలకి

వెళ్లేముందే అమ్మేవాడిని మూడు ఫొటోలు అడగండి: డాష్‌బోర్డు మీది నంబరు ప్లేటు, బానెట్ కింద ఉండే ఫెండర్ ట్యాగ్ (ఫ్యాక్టరీ కోడ్‌లు గుద్దిన రేకు), టైటిల్ కాగితంలో (కారు ఎవరిదో చెప్పే పత్రం) నంబరున్న భాగం. ‘వచ్చి చూసుకోండి’ అని దాటేస్తే పెట్రోలు ఖర్చు మిగుల్చుకోండి.

3. వాహన నంబరు చదవండి. రంగు తర్వాత చూడొచ్చు

విలువలో పెద్ద తేడా తేలేది ఇక్కడే, కాబట్టి కాస్త ఓపిగ్గా చదవండి.

1969 చార్జర్‌కి నంబరులో 13 అక్షరాంకెలు ఉంటాయి. డ్రైవర్ వైపు డాష్‌బోర్డు మీద, అద్దంలోంచి కనిపించేలా ఉంటుంది. ఉదాహరణకి ‘ఎక్స్ ఎస్ 29 ఎల్ 9 బి’ తర్వాత ఆరంకెలు ఉన్నాయనుకుందాం.

- మొదటి అక్షరం ఎక్స్: డాడ్జ్ చార్జర్.
- రెండోది: ‘పి’ ఉంటే మామూలు చార్జర్, ‘ఎస్’ ఉంటే ఆర్/టీ. ఇక్కడ కూడా ‘ఎక్స్’ ఉంటే చార్జర్ 500 గానీ డేటోనా గానీ.
- 29: రెండు తలుపుల హార్డ్‌టాప్ బాడీ.
- ఐదోది ఇంజిన్: ‘ఎఫ్’ అంటే 318 (ఈ అంకెలు క్యూబిక్ అంగుళాల్లో ఇంజిన్ పరిమాణం), ‘జి’ అంటే రెండు గొట్టాల కార్బ్యురేటర్ 383, ‘హెచ్’ అంటే నాలుగు గొట్టాల 383, ‘ఎల్’ అంటే 440 మాగ్నమ్, ‘జె’ అంటే 426 హెమీ.
- ఆరోది సంవత్సరం: 9 అంటే 1969 మోడల్.
- ఏడోది ఫ్యాక్టరీ: ‘బి’ అంటే డెట్రాయిట్ పక్కనున్న హాంట్రామిక్.

1969 ఆర్/టీకి ఫ్యాక్టరీ ఇచ్చింది రెండే ఇంజిన్లు, 440 లేదా హెమీ. కాబట్టి ‘ఎక్స్ పి’తో మొదలయ్యే నంబరున్న కారు వెనక ఆర్/టీ బ్యాడ్జి, తోక చుట్టూ చార ఎంత బాగా మెరుస్తున్నా అది క్లోన్. ఒక మిత్రుడితో ఇలాంటి కారే చూడటానికి వెళ్లాను. ప్రకటనలో ఆర్/టీ అని ఉంది, ధర కూడా ఆర్/టీ ధరే. అద్దంలోంచి నంబరు చూసి ‘ఇది ఎక్స్ పి కదండీ’ అన్నాను. ‘అందరూ దీన్ని ఆర్/టీ అనే అంటారు’ అని జవాబు. అరగంటలో తిరిగొచ్చేశాం.

డాష్‌బోర్డు మీది ప్లేటు చూసి ఆగకండి. నంబరులో చివరి ఎనిమిది బాడీ మీద వేరేచోట్ల కూడా గుద్ది ఉంటాయి: రేడియేటర్ సపోర్ట్ మీద, డిక్కీ రబ్బరు కూర్చునే గాడిలో. ఇంజిన్ బ్లాక్ మీద, గేర్‌బాక్స్ మీద కూడా ఉండాలి. ఇంజిన్ మీది నంబరు కారు నంబరుతో కలిస్తే దాన్నే ‘నంబర్స్ మ్యాచింగ్’ అంటారు. అసలు కారు ధరలో పెద్ద భాగం ఈ ఒక్క మాట మీద నిలబడుతుంది.

ప్లేటు బిగించిన రివెట్లను దగ్గరగా చూడండి. ఫ్యాక్టరీ వాడింది పువ్వు ఆకారం తల ఉన్న రివెట్లు. మామూలు గుండ్రటి రివెట్లు ఉన్నా, ప్లేటు చుట్టూ గీతలున్నా బేరం అక్కడే ఆపేయండి. ఒక కారు నంబరు తీసి ఇంకో కారుకి తగిలించడం అమెరికాలో ఫెడరల్ నేరం. పోలీసులు కారు పట్టుకుపోతే నష్టపోయేది అప్పటికి దాన్ని కొన్నవాడే.

ఇంకో చిన్న పరీక్ష, జనరల్ లీ రెప్లికాలకి ప్రత్యేకం. ఆరో అంకె 8 ఉండి, ముందు గ్రిల్ మధ్యలో అడ్డుకట్టు ఉందా? అయితే అది 1968 కారుకి 1969 ముఖం తగిలించింది. 1968 చార్జర్‌కి వెనక గుండ్రటి దీపాలు, గ్రిల్ మధ్యలో అడ్డు ఉండదు. 1969కి పొడవాటి వెనక దీపాలు, రెండుగా చీలిన గ్రిల్. సీరియల్ వాళ్లు కూడా 1968 కార్లను ఇలాగే మార్చి వాడారు కాబట్టి అందులో మోసమేమీ లేదు. కాకపోతే మీరు దాన్ని 1969 అని అమ్మకూడదు.

డాడ్జ్ కాకపోతే? అన్ని కంపెనీల నంబర్లూ ఇంత చెప్పవు.

- 1966 నుంచి 1971 దాకా పాంటియాక్ జీటీవో నంబరు 242తో మొదలవుతుంది. పాంటియాక్ పాత రికార్డులున్న పీహెచ్ఎస్ సంస్థ నుంచి ఫ్యాక్టరీ బిల్లు నకలు కూడా తెప్పించుకోవచ్చు.
- 1967 నుంచి ఫోర్డ్ కార్లకు మార్టీ రిపోర్ట్ (కారు ఫ్యాక్టరీలో ఎలా తయారైందో చెప్పే కాగితం) తీయించండి. పైన చెప్పిన చారల టొరినోకి కూడా ఇదే దారి.
- 1969 షెవర్లే కమారో నంబరు ఆరు సిలిండర్లా, ఎనిమిదా అన్నంతవరకే చెబుతుంది. ఖరీదైన ఎస్ఎస్ రకమనిగానీ జడ్28 అనిగానీ తేల్చదు. అందుకే నకిలీలు ఎక్కువ. పాత కాగితాలు లేని ఎస్ఎస్‌ని క్లోన్ ధరకే అడగండి.

క్రిస్లర్ కార్లకు (డాడ్జ్ ఆ కంపెనీదే) బిల్డ్ షీట్ అనే కాగితం, అంటే ఫ్యాక్టరీలో కారుకి ఏమేం బిగించాలో రాసినది, వెనక సీటు స్ప్రింగుల్లోనో కార్పెట్ కిందో చిక్కుకుని దొరుకుతుంటుంది. అది దొరికితే చిరగకుండా తీసి, ముందు ఫొటో తీసుకోండి.

4. తుప్పు, పుట్టీ

దీని గురించి ఎక్కువ చెప్పను, ఏ పాత కారుకైనా ఇదే వరస. అయస్కాంతం పట్టుకుని వెనక చక్రాల పైభాగం, తలుపుల కింది అంచు, డిక్కీ అడుగు, వెనక అద్దం కింది పట్టీ చూసుకుంటూ వెళ్లండి. అయస్కాంతం జారిపోయిన చోటల్లా పుట్టీ ఉన్నట్టే.

రెప్లికాల్లో మాత్రం ఒక జాగ్రత్త. టీవీ రంగు కొత్తగా, మెరుస్తూ ఉంటుంది. ‘మొన్ననే పెయింట్ చేయించాం’ అన్న మాట వినగానే ఆ పెయింట్ కింద ఏముందో ఫొటోలు అడగండి. పని జరుగుతున్నప్పటి ఫొటోలు లేని పెయింట్‌ని నేను అనుమానంతోనే చూస్తాను.

5. వేషం విప్పి లెక్కగట్టండి

కాగితం తీసుకుని మూడు వరసలు రాయండి.

మొదటి వరస, లోపలి కారు విలువ: ఇదే నంబరు, ఇదే ఇంజిన్, ఇదే స్థితిలో, ఫ్యాక్టరీ రంగులో ఉంటే మార్కెట్లో ఎంత?

రెండో వరస, విప్పడానికి అయ్యే ఖర్చు: వేషంలో ఒక్కో ముక్కా రాసి, అది సులభంగా ఊడేదా, కోసి వెల్డింగ్ చేయాల్సిందా అని పక్కన గుర్తు పెట్టండి. జనరల్ లీకి ఇలా ఉంటుంది:

- చక్రాలు, హారన్, నంబరు ప్లేటు: గంటలో ఊడతాయి. పాత చక్రాలు దాచి ఉంటే ఖర్చు సున్నా.
- 01 అంకె, పైకప్పు బొమ్మ: స్టిక్కర్లయితే ఊడతాయి. పెయింట్ చేసి పైన క్లియర్ కోటు వేసి ఉంటే కారు మొత్తం రంగు మార్చాల్సిందే.
- ముందు బంపర్ దగ్గర పుష్ బార్: బ్రాకెట్ల కోసం ఎక్కడెక్కడ బెజ్జాలు వేశారో చూడండి.
- డిక్కీ మీద యాంటెన్నా: బెజ్జం పూడ్చాలి, దాని చుట్టూ పెయింట్.
- రోల్ కేజ్ (బోల్తా పడినా లోపలివాళ్లని కాపాడే ఇనుప చట్రం): బోల్టులతో ఉంటే ఫరవాలేదు, నేలకి వెల్డింగ్ చేసి ఉంటే పెద్ద పని.
- తలుపులు: కథలో అవి వెల్డింగ్ చేసిన తలుపులు. ఎవరైనా అభిమానంతో నిజంగానే వెల్డింగ్ చేసి ఉంటే దూరంగా ఉండండి.
- లోపలి సీట్లు, రంగు: ఫెండర్ ట్యాగ్ మీది కోడ్‌తో పోల్చండి.

మూడో వరస, అభిమాని ఇచ్చే ధర: ఆ సీరియల్ చూసి పెరిగినవాడు, ఆ వేషం కావాలనే వచ్చినవాడు ఎంత ఇస్తాడు? ఇలాంటి రెప్లికాలు నిజంగా అమ్ముడుపోయిన ధరలు మూడో నాలుగో దొరికితే సరిపోతుంది.

ఇప్పుడు ఊహా అంకెలతో ఒక లెక్క. పద్ధతి తెలియడానికే, ఇవి మార్కెట్ ధరలు కావు.

318 ఇంజిన్ చార్జర్, వేషం లేకపోతే 60 వేల డాలర్లు అనుకుందాం. విప్పడానికి రంగు, సీట్లు, బెజ్జాలు అన్నీ కలిపి 23 వేలు. అభిమాని ధర 70 వేలు. మామూలు కొనుగోలుదారు 60లోంచి 23 తీసేసి 37 వేలే ఇస్తాడు. అంటే ఈ కారు విలువ 37కీ 70కీ మధ్య, ఎవరు వస్తారన్న దాన్నిబట్టి ఊగుతుంది. అభిమాని దొరికేదాకా ఆగగలిగితే వేషంతో 10 వేలు లాభమే.

ఇప్పుడు అదే వేషం నిజమైన 440 ఆర్/టీ మీద ఉందనుకోండి. లోపలి కారు లక్ష డాలర్లు. విప్పే ఖర్చు అదే 23 వేలు, అంటే మామూలు కొనుగోలుదారు 77 ఇస్తాడు. అభిమాని? అతనికి కావాల్సింది నారింజ రంగు, 01 అంకె. లోపల ఏ ఇంజిన్ ఉందన్నది అతనికి పెద్దగా పట్టదు. అతని ధర దాదాపు 70 దగ్గరే ఆగుతుంది. లక్ష డాలర్ల కారుకి సొంత డబ్బు పెట్టి మరీ విలువ తగ్గించినట్టయింది.

దీన్ని తిరగేసి చూడండి. ‘నైట్ రైడర్’ (1982–86) సీరియల్లో ‘కిట్’ అనే పేరున్న కారుకి ఆధారం 1982 పాంటియాక్ ట్రాన్స్ యామ్. ఆ ఏడాది దానికి వచ్చిన రెండు 5 లీటర్ల ఇంజిన్లూ 145, 165 హార్స్‌పవర్ మాత్రమే. 1960ల మజిల్ కార్ల పక్కన పెడితే అవి నీరసం ఇంజిన్లు, కాబట్టి లోపలి కారు చవక. వేషం మాత్రం ఖరీదు: ప్రత్యేకమైన ముక్కు భాగం, బల్బులతో నిండిన డాష్‌బోర్డు, ముక్కు మీద అటూ ఇటూ పరిగెత్తే ఎర్ర దీపం. ఇక్కడ బాగా చేసిన రెప్లికా, వేషం లేని కారు కంటే ఎక్కువకే పోతుంది. కాకపోతే దాన్ని తయారు చేయించినవాడికి పెట్టిన ఖర్చు మొత్తం తిరిగి రావడం అరుదు. అందుకే కిట్ కావాలంటే ఎవరో చేయించి అలిసిపోయినదాన్ని కొనుక్కోమంటాను.

‘అయితే రెప్లికా మంచిదా, అసలుదా?’ అని అడిగేవాళ్లకి నేనిచ్చే జవాబు ఇదే. అభిమాని ధరకి ఒక పైకప్పు ఉంటుంది. లోపలి కారు ఆ పైకప్పు కంటే చవకదైతే వేషం విలువ పెంచుతుంది. ఖరీదైనదైతే తగ్గిస్తుంది.

6. ధరలు ఎక్కడ, ఎలా చూడాలి

అమ్ముడైన ధర చూడండి. అడిగే ధర చూడకండి.

2007లో ‘ద డ్యూక్స్ ఆఫ్ హజార్డ్’ నటుడు జాన్ ష్నైడర్ తన జనరల్ లీని ఈబేలో పెడితే పాట 99 లక్షల డాలర్ల దాకా వెళ్లింది. డబ్బు మాత్రం చేతికి రాలేదు, అమ్మకం రద్దయింది. 2012లో స్కాట్స్‌డేల్‌లో బారెట్-జాక్సన్ వేలంలో గోల్ఫ్ ఆటగాడు బబ్బా వాట్సన్ ఒక జనరల్ లీని 1,10,000 డాలర్లకు కొన్నాడు. ఆ కారు ఏదనుకున్నారు? 1978 నవంబరులో జార్జియాలోని కోవింగ్టన్ దగ్గర షూటింగ్‌లో తీసిన మొదటి ఎగురుడు, సీరియల్ టైటిల్స్‌లో వచ్చేది, అదే కారు. టీవీ కారుకి అంతకంటే గొప్ప చరిత్ర ఉండదు. అదే లక్షా పది వేలకు పోతే, ఊళ్లో ఎవరో పెయింట్ వేయించిన రెప్లికాకి రెండు లక్షలు అడగడం ఏమిటి?

ఇటు అసలు మజిల్ కారు వైపు చూస్తే, 1971 ప్లిమత్ హెమీ కుడా కన్వర్టిబుల్ ఒకటి 2014లో మీకమ్ వేలంలో 35 లక్షల డాలర్లకు పోయింది. ఆ సంవత్సరం అలాంటివి తయారైనవి పదకొండే. ఈ రెండు ధరల మధ్య దూరం చూస్తే అంకెలూ కాగితాలూ ఎంత పని చేస్తాయో తెలుస్తుంది.

ధర చదివేటప్పుడు వేలంలో పాట ఆగిన సుత్తి దెబ్బ ధరా, వేలం సంస్థ పైన వేసుకునే ప్రీమియం కలిపిందా చూడండి. 1966 బ్యాట్‌మాన్ సీరియల్ అసలు కారు 2013లో సుత్తి పడింది 42 లక్షలకి. కొన్నవాడు కట్టింది పది శాతం కలిపి 46 లక్షల 20 వేలు. ఒకే అమ్మకానికి రెండు అంకెలూ తిరుగుతుంటాయి. మీ పట్టికలో అన్నీ ఒకే రకంగా రాసుకోండి.

స్థితి కూడా సమానంగా ఉండాలి. హాగర్టీ ధరల పట్టిక కార్లను ఒకటి నుంచి నాలుగు దాకా స్థాయిలుగా విడగొడుతుంది. ఒకటి అంటే పోటీలకి నిలబెట్టేది, నాలుగు అంటే నడుస్తుంది గానీ లోపాలు కనిపిస్తాయి. ఎక్కువమంది తమ కారుని ఒక మెట్టు పైనే చూసుకుంటారు. మీ కారు రెండు అనిపిస్తే మూడు ధరతో లెక్కపెట్టండి.

7. రేపు కొనేది ఎవరో ఆలోచించండి

1980లో పదేళ్లున్న పిల్లాడికి ఇప్పుడు యాభై దాటింది. డబ్బుంది, గ్యారేజీ ఉంది, కొంటున్నాడు. ఇంకో పదిహేనేళ్లకి అతను కొనేవాళ్లలోంచి అమ్మేవాళ్లలోకి మారతాడు. ఆ సీరియల్ చూడని తరానికి ఆ 01 అంకె వట్టి అంకె. అసలు 440 మాగ్నమ్‌కి ఈ ఇబ్బంది తక్కువ, దానికి సీరియల్‌తో పని లేదు.

జనరల్ లీకి ఇంకో చిక్కుంది. పైకప్పు మీద ఉన్నది కాన్ఫెడరేట్ జెండా. అమెరికా అంతర్యుద్ధంలో నల్లజాతివారిని బానిసలుగా ఉంచడానికి పోరాడిన పక్షం గుర్తు అది. 2015లో చార్లెస్టన్‌లో నల్లజాతివారి చర్చిలో కాల్పుల తర్వాత, సీరియల్ హక్కులున్న వార్నర్ బ్రదర్స్ ఆ జెండా ఉన్న బొమ్మ కార్లకు లైసెన్స్ ఆపేసింది. వాట్సన్ తన కారు మీద దాని బదులు అమెరికా జెండా వేయిస్తానని ప్రకటించాడు. దీన్ని వట్టి మార్కెట్ సంగతిగా చూడను. ఆ జెండాతో మన పిల్లల స్కూలు ముందు కారు ఆపగలనా అని నన్ను నేను అడిగి చూసుకున్నాను, ఆపలేను. మార్కెట్ లెక్కలో చూసినా ఆ జెండా కొనేవాళ్లలో చాలామందిని దూరం చేస్తుంది. పైకప్పు మీద ఖాళీగా వదిలేసిన రెప్లికాలు ఇప్పుడు కనిపిస్తున్నాయి. కొనేటప్పుడు అలాంటిదే చూడండి.

ఎప్పుడూ నష్టమే అని కాదు. 2005 నుంచి 2020 దాకా నడిచిన ‘సూపర్‌నేచురల్’ సీరియల్లో కారు 1967 షెవర్లే ఇంపాలా, నాలుగు తలుపులది. పాత కార్లవాళ్లు నాలుగు తలుపుల కార్లను సామాను కోసం విప్పుకునేవాళ్లు. ఆ సీరియల్ వచ్చాక నల్ల నాలుగు తలుపుల ఇంపాలాకి గిరాకీ పుట్టింది. పైగా వేషం అంటే నల్ల రంగే, కోసేదీ అతికించేదీ దాదాపు లేదు. రెప్లికాల్లో నాకు నచ్చిన బేరం ఇదే.

8. కోర్టు, టైటిల్, రోడ్డు

కాపీరైట్ రక్షణ ఉన్న సినిమా పాత్రల్లాగే కారు కూడా పాత్ర కిందికి వస్తుందా? బ్యాట్‌మొబైల్ వస్తుందని 2015లో అమెరికా తొమ్మిదో సర్క్యూట్ అప్పీలు కోర్టు తేల్చింది. దాని రెప్లికాలు కట్టి అమ్ముతున్నవాడు ఓడిపోయాడు. ఎలనార్ అనే పేరుతో సినిమాల్లో వచ్చిన మస్టాంగ్ కార్లకు ఆ రక్షణ లేదని అదే కోర్టు 2025లో చెప్పింది. అంటే ప్రతి కారుకీ వేరే జవాబు. రెప్లికాలు కట్టి అమ్మే వ్యాపారం పెట్టాలనుకుంటే లాయర్‌తో మాట్లాడాకే మొదలుపెట్టండి.

టైటిల్ విషయంలో లోపల ఏది ఉంటే అదే రాసి ఉండాలి. ‘మయామీ వైస్’ మొదటి సీజన్లలో నల్ల ఫెరారీ డేటోనాగా కనిపించింది నిజానికి షెవర్లే కార్వెట్ మీద కట్టిన రెప్లికా. అలాంటిది కొంటే టైటిల్‌లో కార్వెట్ అనే ఉండాలి, ఫెరారీ అని ఉంటే ఇంటికి తేవద్దు.

కిట్ ఎర్ర దీపం: ముందుకి ఎర్ర కాంతి కనిపించేలా నడపడం చాలా రాష్ట్రాల్లో నేరం. ప్రదర్శనలో ఆగి ఉన్నప్పుడు వెలిగించుకోవడానికి స్విచ్ విడిగా ఉందో లేదో చూడండి.

9. అమ్మే రోజు కోసం కొన్న రోజు నుంచే చేయాల్సినవి

1. ఊడదీసిన ప్రతి అసలు సామానునీ డబ్బాలో పెట్టి చీటీ అంటించండి. కారుతోపాటు ఆ డబ్బాలు కూడా అమ్ముడుపోతాయి.
2. ప్రతి బిల్లూ ఒకే ఫైలులో.
3. ఇన్సూరెన్స్ ‘అగ్రీడ్ వాల్యూ’ (ముందే ఒప్పుకున్న విలువ) పద్ధతిలో తీసుకోండి. మామూలు పాలసీ పాత కారుని తరుగు లెక్కన చూస్తుంది.
4. అమ్మకానికి నెల ముందు 5లోని మూడు వరసలూ మళ్లీ రాయండి.
5. ప్రకటన మొదటి వాక్యంలోనే నిజం రాయండి: ‘ఎక్స్ పి నంబరు, 383 ఇంజిన్ చార్జర్, జనరల్ లీ రెప్లికా, షూటింగ్‌లో వాడింది కాదు.’
6. నంబర్లు, అడుగు భాగం, తుప్పున్న చోట్లు, అన్నీ ఫొటోల్లో చూపించండి.
7. రెప్లికాని అభిమానులు వచ్చే చోట పెట్టండి. అసలు ఆర్/టీ అయితే కాగితాలు చదివే కొనుగోలుదారులు ఉన్న పెద్ద వేలాలు.
8. రిజర్వు (కనీస ధర) లేని వేలంలో రెప్లికా పెట్టకండి. ఆరోజు ఇద్దరు అభిమానులు రాకపోతే మామూలు కొనుగోలుదారు ధరకి పోతుంది.

పన్ను మాట ఒకటి: అమెరికాలో సొంత వాడకం కారుని లాభానికి అమ్మితే పన్ను కట్టాలి, నష్టానికి అమ్మితే ఆ నష్టాన్ని చూపించుకోవడానికి వీల్లేదు. బిల్లుల ఫైలు ఇక్కడ కూడా పనికొస్తుంది.

10. తరచుగా జరిగే పొరపాట్లు, వాటికి మందు

పెట్టిన ఖర్చంతా ధరకి కలపడం. 40 వేలు ఖర్చుపెట్టాను కాబట్టి 40 వేలు పెరగాలి అనుకుంటారు. అమ్ముడైన ధరలు మూడు ముందు పెట్టుకుని మళ్లీ అడగండి.

నిజమైన ఆర్/టీకి వేషం వేయడం. ఇప్పటికే వేసి ఉంటే, అమ్మకముందు విప్పిస్తే ఎంత మిగులుతుందో లెక్కగట్టండి. ఊడే వేషమైతే చాలాసార్లు విప్పించడమే లాభం. రంగు మొత్తం మార్చాల్సి వస్తే విప్పకుండా, ఆర్/టీ కాగితాలు ముందు చూపించి అమ్మండి. కొన్నవాడు తనకి నచ్చిన రంగు తనే వేయించుకుంటాడు.

సగం వేషం. రంగు సీరియల్‌ది, చక్రాలు వేరే, సీట్లు వేరే. అభిమానికీ నచ్చదు, మామూలు మనిషికీ నచ్చదు. పూర్తి చేయండి, లేదా పూర్తిగా విప్పేయండి.

సంతకాన్ని కాగితంగా చూడటం. నటుడు సంతకం చేసిన సన్‌వైజర్ ఆ కారు షూటింగ్‌లో ఉందని రుజువు చేయదు. ఏదో ప్రదర్శనలో సంతకం చేసి ఉంటాడు.

తొందర. రెప్లికా కొనేవాళ్లు తక్కువమంది, వచ్చేదాకా ఆగాలి. ఆగలేని పరిస్థితి రావచ్చు అనుకుంటే కొనేటప్పుడే మామూలు కొనుగోలుదారు ధర దాటి ఇవ్వకండి.

11. ‘ఇండియాకి పంపించుకోవచ్చా?’

హైదరాబాద్‌లో రిటైరయ్యాక నడుపుకుంటామని అడిగేవాళ్లు ఎప్పుడూ ఒకరిద్దరుంటారు. దిగుమతి నిబంధనలు, సుంకం లెక్క కస్టమ్స్ ఏజెంట్‌తో ఆ సమయానికి చూసుకోవాల్సిందే.

రిజిస్ట్రేషన్ సంగతి మాత్రం ముందే తెలుసుకోండి. 2021 కేంద్ర నిబంధనల ప్రకారం యాభై ఏళ్లు దాటి, అసలు రూపంలోనే ఉన్న వాహనాన్ని వింటేజ్‌గా ‘వీఏ’ అక్షరాలున్న నంబరుతో రిజిస్టర్ చేస్తారు. కొత్త రిజిస్ట్రేషన్ ఫీజు 20 వేల రూపాయలు. ప్రదర్శనలకి, ర్యాలీలకి, మరమ్మతులకి తీసుకెళ్లొచ్చు గానీ రోజూ ఆఫీసుకి నడపడానికి కాదు. ఛాసిస్, బాడీ, ఇంజిన్ గణనీయంగా మార్చి ఉంటే వింటేజ్‌గా ఒప్పుకోరు. నేలకి రోల్ కేజ్ వెల్డింగ్ చేసిన చార్జర్‌ని ఓడ ఎక్కించేముందు ఈ వాక్యం రెండుసార్లు చదువుకోండి.